హీరోగారి ఆరోగ్యం కోసం ప్రార్థన

ఆ సోమవారం పొద్దున మ్యూరియల్ టాప్‌స్కాట్ పెట్టుకున్న పని ఒక్కటే, పడకగది కర్టెన్లు ఉతుక్కోవడం. ఫిబ్రవరిలో మా స్టాన్‌క్లిఫ్‌లో కర్టెన్లు ఆరడానికి మూడు రోజులు పడుతుంది కాబట్టి అంతకు మించి ఎవరూ ఏమీ పెట్టుకోరు. సబ్బునీళ్ళలో చేతులు పెట్టిందో లేదో, ఎవరో తలుపు తట్టారు. చూస్తే పల్చటి కోట్లలో గడగడ వణుకుతూ ఇద్దరు మగవాళ్ళు.

"పియానో ఉన్న ఇల్లు కావాలండీ. సినిమా తీసుకోవడానికి, నాలుగు రోజులు," అన్నాడు వాళ్ళలో పొడుగాయన. పేరు మెర్విన్, డైరెక్టరట.

"కథేమిటి నాయనా?"

"పియానోలు శ్రుతి చేసే కుర్రాడు ఇంటింటికీ వెళ్తుంటాడండీ."

"అంతేనా?"

"దాదాపు అంతేనండీ," అన్నాడు మెర్విన్, తన బూట్ల వైపు చూసుకుంటూ.

మ్యూరియల్ పొంగిపోయింది. పాపం, దానికి కారణముంది. చర్చి పూల కమిటీలో ఆవిడది పదకొండేళ్ళ సర్వీసు. పదకొండేళ్ళూ కిటికీ గట్ల మీది పూలే ఆవిడ వంతు. కోతపండుగకు బలిపీఠం అలంకరించే భాగ్యాన్ని మిసెస్ ప్రెవెట్ ఇంకొకరికి వదిలిన పాపాన పోలేదు. చచ్చేలోగా ఒక్కసారైనా ఆ బలిపీఠం మీద తన పెరటి డాలియాలు పెట్టాలని మ్యూరియల్ కోరిక. ఇంట్లో సంగీతం సినిమా తీస్తున్నారంటే కమిటీలో తన విలువ పెరగదా? ఆ సాయంత్రమే అందరికీ చెప్పేసింది. విడుదలయ్యాక అందరం కలిసి వెళ్దామన్నారు పాదిరీ లిడియార్డ్ గారు.

షూటింగ్ రెండో రోజు, పావు తక్కువ నాలుగుకి, టీ ట్రే పట్టుకుని పడకగది తలుపు తోసింది మ్యూరియల్. మంచం మీద దుప్పటి కింద ఒకమ్మాయి. మంచం పక్కన హీరో టెరెన్స్ ఫుల్‌వుడ్. అతని ఒంటి మీద ఉన్నవి మేజోళ్ళు మాత్రమే. అవి కూడా చలికి ఓర్చుకోలేక వేసుకున్నవి.

నలభై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషికి మగవాడి ఒళ్ళు కొత్తేమీ కాదు. "అయ్యో, ఒళ్ళంతా ఎలా నీలుక్కుపోయిందో చూడు నాయనా! చక్కెర ఒకటా, రెండా?" అంది.

"రెండండీ, థాంక్స్," అన్నాడు హీరో, మర్యాద తెలిసినవాడు కాబట్టి.

ఫిల్ము దండగ అవుతుందని కెమెరా ఆపలేదు మెర్విన్.

వంటింట్లోకి వచ్చి కూర్చున్నాక గానీ అది ఎలాంటి సినిమానో మ్యూరియల్‌కి బోధపడలేదు. ఆ సినిమాలో ఇళ్ళు నాలుగు, పడకగదులు నాలుగు. ఆ నాలుగూ ఆవిడ గదే. ఇల్లు మారినట్టు కనిపించడానికి కర్టెన్లు మారుస్తున్నారు, ఆ కర్టెన్లూ ఆవిడవే. పూల కమిటీలో ఆ కర్టెన్లు ఎరగనివాళ్ళు లేరు.

"నా మొహం మాత్రం కనిపించకూడదు," అంది మెర్విన్‌తో.

"మా అమ్మ మీద ఒట్టండీ," అన్నాడతను.

మర్నాడు కమిటీలో మిసెస్ ప్రెవెట్ పట్టుకుంది. "ఏం మ్యూరియల్, మీ సంగీతం ఎంతవరకొచ్చింది?"

"ఆగిపోయింది గ్వెండొలిన్. హీరోకి న్యుమోనియా."

అక్కడితో వదిలేస్తే వాళ్ళు పూల కమిటీ ఎందుకవుతారు? హీరో పేరడిగారు. ఆదివారం పాదిరీ గారు రోగుల జాబితాలో "టెరెన్స్ ఫుల్‌వుడ్" అని చదివి చర్చి అంతటిచేతా ప్రార్థన చేయించారు. పై ఆదివారమూ చేయించారు. మిసెస్ ప్రెవెట్ అతని కోసం ఉన్ని మఫ్లరు అల్లి ఇచ్చింది. ఎలా ఉన్నాడని అడిగినప్పుడల్లా మ్యూరియల్, "నిన్నటి మీద నయం," అంటూ ఏడు వారాలు లాక్కొచ్చింది. హీరోని మాటల్లోనే చంపేద్దామనుకుంది గానీ, కమిటీవాళ్ళు అంత్యక్రియలకి దండలు తయారుచేస్తారని భయపడి ఊరుకుంది. ఆ తర్వాత వేరే పనుల్లో పడి ఎవరూ అడగలేదు.

ఆగస్టులో మా రీగల్ హాలు ముందు పోస్టరు పడింది. "శ్రుతి చేయాలా మేడమ్?" అని సినిమా పేరు. దాని కింద, చర్చిలో ఏడు ఆదివారాలు మోగిన పేరు, చెయ్యంత అక్షరాల్లో. సినిమా పరమ చెత్త అనీ, టీ తెచ్చే ముసలావిడ ఒక్కతే మనసారా నవ్వించిందనీ లండన్ పేపరు రాసింది.

బుధవారం మ్యాట్నీకి తలకి స్కార్ఫు, కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని వెళ్ళి మూల సీట్లో నక్కింది మ్యూరియల్. పది అడుగుల ఎత్తున తన మొహం తెరమీద ప్రత్యక్షమై "చక్కెర ఒకటా, రెండా?" అనగానే హాలు ఘొల్లుమంది. మెర్విన్ తల్లి ఏమైపోయిందో గానీ, తన డాలియాలు మాత్రం ఎండిపోయినట్టే అనుకుంది. ఏడుపొచ్చింది.

దీపాలు వెలగకముందే జారుకుందామని లేచింది. కానీ మా రీగల్ యజమానికి దేశభక్తి ఎక్కువ. మిగతా ఊళ్ళ హాళ్ళన్నీ మానేసినా ఆయన ఆట ఆటకీ దీపాలన్నీ వేసి జాతీయగీతం పెడతాడు. అది మోగుతుంటే మావాళ్ళు కదలరు, ప్రాణం పోయినా సరే. నిటారుగా నిలబడి మ్యూరియల్ కళ్ళు మాత్రం తిప్పింది.

మూడో వరసలో స్కార్ఫు, నల్లద్దాలతో మిసెస్ ప్రెవెట్. అయిదో వరసలో కమిటీ కోశాధికారి, పక్కన భార్య కాని మనిషి ఎవరో. తలుపు దగ్గర మెడ మీద తెల్లకాలరు కనబడకుండా మఫ్లరు చుట్టుకుని పాదిరీ గారు, ఆగస్టు ఉక్కలో చెమటలు కక్కుతూ. కమిటీ మొత్తం, వరసకొకరు, గీతం పూర్తయ్యేదాకా ఒకరినొకరు చూస్తూ నిలబడ్డారు.

శుక్రవారం మీటింగు. కిటికీ గట్లు కూడా పోయాయనుకునే వచ్చింది మ్యూరియల్. మిసెస్ ప్రెవెట్ గొంతు సవరించుకుంది.

"నా మోకాళ్ళు బాగాలేవు. ఈసారి బలిపీఠం మ్యూరియల్ చూసుకుంటే బాగుంటుందని..."

"ఏకగ్రీవం," అన్నారు పాదిరీ గారు, ఆవిడ మాట పూర్తికాకుండానే. "ఇంకొక మాట. ఫుల్‌వుడ్ గారు కోలుకున్నట్టు... ఎవరో చెప్పగా విన్నాను."

మ్యూరియల్‌కి అప్పుడు అర్థమైంది. తనని చూశామని చెప్పాలంటే ముందు వాళ్ళు వెళ్ళినట్టు ఒప్పుకోవాలి. పదకొండేళ్ళలో ఆ గదిలో అంత హాయిగా ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు. తీరిగ్గా లేచి టీ కెటిల్ అందుకుని, పాదిరీ గారి వైపు వంగింది.

"చక్కెర ఒకటా, రెండా?"

ఆ రోజు నుంచి మా పూల కమిటీలో అందరూ చక్కెర లేని టీయే తాగుతున్నారు.