వాటాల బొమ్మ

ఆ ఆదివారం పొద్దున్న ఝాన్సీలక్ష్మి తలపెట్టిన పని చాలా చిన్నది. అరసవల్లి రోడ్డులో తండ్రి చంద్రమౌళి, పెదనాన్న నగరేశ్వరరావు కలిసి నడిపే బట్టల కొట్టుకి ఆమె వెబ్‌సైటు తయారుచేస్తోంది. ఏ పేజీ కింద ఏ పేజీ రావాలో కంప్యూటర్లో గళ్ళూ గీతలుగా గీసి, ప్రింటు తీసి, పెద్దలు చూస్తారని కొట్టు గోడకి అంటించింది. సైటు నచ్చితే ఇంటి ముందుగది ఆమె ఆఫీసుకి ఇస్తామన్నారు. నచ్చకపోతే బళ్ళో పంతులమ్మ ఉద్యోగం. ఆ మాట వింటేనే పిల్లకి జ్వరం వచ్చినంత పనవుతుంది.

పై గడిలో చీరలు, దాని కింద గడిలో జాకెట్టు ముక్కలు. ఏ ఆర్డరు ఎవరు చూడాలో తెలియాలని గళ్ళలో పేర్లు కూడా వేసింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

"ఏటే ఇది? మీ నాన్న పేరు మీ పెదనాన్న కింద పెట్టినావేటి?" అంది తల్లి కాంతం.

"మెనూ అమ్మా అది. చీరలు నొక్కితే జాకెట్టు ముక్కలు వస్తాయి."

"పెళ్ళికార్డులో అన్నదమ్ముల పేర్లు పక్కపక్కనేస్తారు. నువ్వు కిందకి తోసీసినావు."

తల్లితో వాదించడం ఎందుకని ఝాన్సీ రెండు గళ్ళూ పక్కపక్కన పెట్టి, మధ్యలో గీత గీసి, కొత్త కాగితం అంటించింది. అది నగరేశ్వరరావు కంటపడింది.

"వాటాలేసీసినారన్నమాట. నాకొక మాట సెప్పాలా, వద్దా?" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఏమీ ఎరగని చంద్రమౌళి, అన్నయ్యే వేరుపడదామంటున్నాడనుకుని మొహం తిప్పుకున్నాడు. ఝాన్సీ చెప్పబోతే ఇద్దరూ వినలేదు.

కొట్టు ఊడుస్తున్న తవిటమ్మ విన్నది. టీబడ్డీలో చెప్పింది. గుడికి జనాన్ని మోసే ఆటోలు ఆ కబురుని కూడా మోశాయి. "అన్నదమ్ములు ఇడిపోతన్నారంట, సరుకంతా సవగ్గా తోసీస్తారంట." పదకొండింటికల్లా కొట్టులో కాలు పెట్టే చోటు లేదు.

"తమ్ముడా, ఆ కట్ట ఇలాగందుకో," అన్నాడు నగరేశ్వరరావు, కోపం మరిచిపోయి. సాయంత్రానికి అలమరలు ఖాళీ. అప్పుడు తీరిగ్గా ఝాన్సీ చెప్పింది విని అన్నదమ్ములిద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. "ముందుగది పిల్లకిచ్చీరా," అన్నాడు పెదనాన్న. ఝాన్సీకి ఏనుగెక్కినంత సంబరమైంది.

మర్నాడు ఎదురు కొట్టు అసిరయ్య ఆమె ఆఫీసుకి వచ్చాడు.

"మాకూ ఆ వాటాల బొమ్మొకటి గీసీ అమ్మా."

"సైటు కూడా చేస్తాను మావా."

"సైటెందుకు, ఆ కాగితం సాలు."

అసిరయ్యకి తోడబుట్టినవాళ్ళెవరూ లేరు.