వేలెడు బెరడు

ఇలా దగ్గరికి జరగండి. నాకు గొంతు తగ్గింది, మీకు చెవులున్నాయిగా. మూడు ప్రభుత్వాలు ఒక్క మాట మీదికి వచ్చిన రోజు నేను కళ్లారా చూశాను. వాళ్లకు టీ పోసింది కూడా నేనే.

మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసేచోట ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. ముప్పై ఏళ్లుగా దాని కిందే నా టీ బండి. మండుటెండలో నిలబడి టీ ఎవడు తాగుతాడు? ఆ నీడే నా కూడు.

"అడవికి ఎల్లలు లేవు! ఈ చెట్టే మన సహకారానికి సాక్షి!" అని మా మంత్రిగారు మైకులో ప్రకటించారు. మూడు అటవీశాఖలూ కలిసి దాన్ని కాపాడాలని ఒప్పందం. కాపాడాలంటే ముందు నంబరు వేయాలి. నంబరు వేయాలంటే బెరడు ఒలిచి, లోపలి చెక్క మీద రంగు పూయాలి. ఎంత శాస్త్రీయం!

ఒక ఆఫీసరు నా మెడలో బ్యాడ్జీ వేశాడు.

"మామ్మగారూ, ఇవాళ్టి నుంచి మీరు స్టేక్‌హోల్డర్."

"అంటే ఏం చెయ్యాలి బాబూ?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. కూర్చోండి."

ఆఫీసరు నాకు కుర్చీ వేయడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

మొదటి రేంజరు తనవైపు జానెడు ఒలిచాడు. రెండో రేంజరు టేపు పట్టాడు.

"మీకు ఎక్కువొచ్చింది సార్."

"అయితే మీరూ ఇంకాస్త ఒలవండి. కోఆపరేషనే కదా!"

మూడో ఆయన ఊరుకుంటాడా?

మా ఆయన కట్టెలు కొట్టేవాడు. "చుట్టూరా బెరడు తీస్తే గొడ్డలెందుకే, చెట్టు నిలువునా అదే చస్తుంది" అనేవాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బ్యాడ్జీకేసి చూసుకుని మింగేశాను.

ఒలుచుకుంటూ పోగా, చెట్టు చుట్టూ చివరికి వేలెడు బెరడు మిగిలింది. అది ఎవరి హద్దులోదో తేలలేదు. మ్యాపులు పరిచారు, గొంతులు లేచాయి, ఒప్పందం మూలన పడేలా ఉంది.

"పెద్దవారు, మీరు చెప్పండి మామ్మగారూ" అన్నారు మంత్రిగారు.

ఇంతమందిలో నన్నడిగారు! వేలిముద్ర వేసేదాన్ని, పూరీలా ఉబ్బిపోయాను.

"తలా కాస్త ఒలుచుకోండి నాయనా, గొడవెందుకు?" అన్నాను.

చప్పట్లే చప్పట్లు.

ఏడాది తర్వాత సమీక్షకొచ్చారు. చెట్టు మోడై నిలబడింది. మళ్లీ టేపు పెట్టారు. మూడువైపులా సమానంగా ఎండిందని రాసుకుని, చేతులు కలుపుకున్నారు.

"ఏం మామ్మగారూ, బండి ఎండలో పెట్టారేం?" అన్నారు మంత్రిగారు, గొడుగు కింద నుంచి.

ఇది గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి. ఆఫీసర్లను తిట్టేవాళ్లు తిట్టుకోనివ్వండి. ఆ వేలెడు బెరడు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఎవరో ముసలమ్మ" అని దాటేయకండి. నేనేనని చెప్పండి. నమ్మకపోతే పంపండి, బ్యాడ్జీ చూపిస్తాను. రోజూ తుడిచి పెట్టుకుంటున్నాను.