అవతలి పక్కకు పావలా

అడగకుండా చేసే సాయాన్ని మించిన వరం ఈ భూమ్మీద లేదు! కాదనేవాళ్లు ఒక్కసారి ఆబిడ్స్ వచ్చి, కళ్లు మూసుకుని, చేతిలో తెల్లకర్ర పట్టుకుని, ఫుట్‌పాత్ అంచున రెండు నిమిషాలు నిలబడి చూడండి. మూడో నిమిషానికి అవతలి పక్క ఉంటారు. ఎందుకొచ్చారో, ఎవరు తెచ్చారో మీకు తెలియదు. తెచ్చినాయన అప్పటికే పుణ్యం జేబులో వేసుకుని వెళ్లిపోయి ఉంటాడు.

ఇంతటి నగరంలో ఉంటూ ఒకాయనకు కుక్క కావలసి వచ్చింది! దారి చూపే కుక్క! మనుషులం ఇందరం ఉండగా?

ఆయన పేరు శ్యామ్‌సుందర్. నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు. ఆఫీసులో రెండు వందల మందినీ దగ్గుని బట్టి గుర్తుపడతాడు. కాపురం ఆబిడ్స్ వెనక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో. సందు చివర మలుపు తిరిగి తిన్నగా నడిస్తే ఇరవై నిమిషాల్లో ఆఫీసు మెట్లు తగులుతాయి. ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఇల్లూ ఆఫీసూ రోడ్డుకు ఒకే పక్క. ఆయనకు రోడ్డు దాటే పనే లేదు.

అయినా పదకొండేళ్లుగా రోజూ దాటుతున్నాడు. ఒకరోజు రెండుసార్లు, ఒకరోజు నాలుగుసార్లు. సరిసంఖ్య పడితే ఫికర్ లేదు, తిరిగి ఉన్న పక్కకే వస్తాడు. మూడో, ఐదో పడ్డ రోజే చిక్కు.

"నేను దాటేది లేదు సార్" అని చెబుతూనే ఉంటాడు. వింటామా మనం? "మొహమాటపడకున్రి, మాకేం కష్టం గాదు" అంటాం. చెయ్యి విడిపించుకోబోతే, పాపం తడబడుతున్నాడనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటాం. ఈ వ్యాసకర్త కూడా ఆయనను రెండుసార్లు దాటించాడు. గర్వంగానే చెప్పుకుంటున్నాడు.

ఇందువల్ల ఆయనకు వచ్చిన నష్టమేమిటయ్యా అంటారు. పెద్దగా ఏం లేదు. మూడు లేట్లకు ఒక సెలవు కోత. ఆ లెక్కన ఏడాది సెలవులు జూన్‌కే అయిపోయేవి. జులైలో సూపరింటెండెంట్ గోపాలరావు మెమో ఇచ్చాడు. ఇంకొక్క లేటు పడితే స్విచ్చిబోర్డు మీద వేరే మనిషిని కూర్చోబెడతారట. శ్యామ్‌సుందర్‌కు వెనక షెడ్డులో కుర్చీలు అల్లే పని, సగం జీతం.

గోపాలరావు చెడ్డవాడనుకునేరు! మెమో ఇవ్వడానికి వారం ముందు తొమ్మిదీ యాభైకి శ్యామ్‌సుందర్ చెయ్యి పట్టుకుని, ట్రాఫిక్ ఆపించి, స్వయంగా అవతలికి చేర్చిన పుణ్యాత్ముడాయన. చేర్చి, తాను ఇవతలికొచ్చి, ఆఫీసులో కూర్చుని, పదీ పదికి రిజిస్టరులో ఎర్రసిరాతో లేటు వేశాడు.

"రోజూ ఏడ ఆలస్యమైతున్నదయ్యా నీకు?" అని అడిగాడు.

"అవతలి పక్క సార్" అన్నాడు శ్యామ్‌సుందర్.

ఆ మెమో పట్టుకుని ఇంటికొచ్చిన రాత్రి ఆయనకు అన్నం సహించలేదు. స్విచ్చిబోర్డంటే ఆయనకు ప్రాణం. అక్కడ ఆయన గుడ్డివాడు కాడు, ఆపరేటరు. ఎవరికి ఎవరు కావాలో అడిగి, వాళ్లను వాళ్లకే కలిపేవాడు. పదకొండేళ్లలో ఒక్కరికీ తప్పు కనెక్షన్ ఇవ్వలేదు.

ఆయన భార్య వసుమతి ఆడపిల్లల బడిలో టీచరు. విదేశాల్లో చూపులేని వాళ్లను కుక్కలు నడిపిస్తాయని ఒక ఇంగ్లీషు పత్రికలో చదివింది. "కుక్క దారి జూపుడు తర్వాత సంగతి. ఒక చేతిల కర్ర, ఇంకో చేతిల కుక్క ఉంటే, పట్టుకుందామంటె ఎవలికి చెయ్యి దొరుకుతది?" అంది. చూశారా, మన ఊరి మంచితనానికి ఎంత అపచారమో!

కుక్కకూ శిక్షణకూ కలిపి మూడు వందల యాభై కావాలన్నాడు బిచ్చయ్య. పోలీసు కుక్కల దగ్గర పాతికేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మూడు వందల యాభై! శ్యామ్‌సుందర్ చందాలకు బయలుదేరాడు.

హిమాయత్‌నగర్‌లో ఒక వకీలు గారు కథంతా విని కంటనీరు పెట్టుకున్నారు. "కుక్కెందుకండీ, నేను లేనా?" అని పైసా ఇవ్వకుండా, శ్యామ్‌సుందర్‌ను గేటు బయటికి తెచ్చి, రోడ్డు దాటించి వెళ్లారు. బేగం బజార్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి రామచందర్ ఇంకా ఉదారుడు. "మనిషికి మనిషి సాయం గాని, నడుమ కుక్కేంది సాబ్?" అని అఫ్జల్‌గంజ్ దాకా నడిపించి, బస్సెక్కించి, జర పైలంగా దించమని కండక్టరుకు అప్పజెప్పాడు. నాంపల్లికి పోవలసిన మనిషి చార్మినార్ దగ్గర భద్రంగా దిగాడు.

నెల రోజులు తిరిగితే వసూలైంది ఏడు రూపాయలు. రోడ్లు దాటింది యాభై మూడు.

"డబ్బులిస్తలేరు గాని చేతులిస్తున్నరు" అన్నాడు ఇంటికొచ్చి, కాళ్లకు వేణ్నీళ్లు పోసుకుంటూ.

వసుమతి ఆ మాట వెంటనే అందుకుంది. "అయితే చేతులకే పైసలు పెడదాం. దాటిచ్చినోళ్లకు పావలా."

మర్నాడే ప్రెస్సులో రసీదు పుస్తకాలు అచ్చు వేయించింది. గులాబి రంగు కాగితం మీద 'శ్రీ శ్యామ్‌సుందర్ గారిని రోడ్డు దాటించినందుకు చందా పావలా' అని, కింద పేరుకు ఖాళీ. పేరు దాటించినవాళ్లే రాసుకోవాలి. ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో నిలబడ్డాడు. అవతలికి చేరగానే, "పావలా ఇయ్యున్రి, రసీదిస్త" అనడం మొదలుపెట్టాడు.

మొదటాయన గొణిగాడు. కానీ రసీదు! చేసిన పుణ్యానికి అచ్చులో రుజువు! ఇంతవరకు ఏ దేవుడైనా ఇచ్చాడా? ఆయన దాన్ని మడత పడకుండా అట్ట మధ్య పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు. మరుసటి ఆదివారం బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు.

ఇక చూడాలి! మెట్రిక్ పరీక్ష రాసేవాళ్లు హాల్‌టికెట్టు జేబులో పెట్టుకుని వచ్చేవారు. కొత్త దంపతులు కొంగుముడి విప్పకుండా చెరో చెయ్యీ పట్టుకుని దాటించారు. టెండరు వేసిన కాంట్రాక్టరు ఏకబిగిన పదకొండుసార్లు దాటించి, ఒకే రసీదు మీద రాయమన్నాడు. మున్సిపల్ ఎన్నికలకు నిలబడ్డ ఒకాయన ఫొటోగ్రాఫరుతో వచ్చాడు. వెలుతురు సరిగా పడలేదని మూడుసార్లు దాటించాడు. నాలుగోసారి శ్యామ్‌సుందర్‌ను పక్కకు నిలబెట్టి తానొక్కడే దాటాడు. క్యూ పోస్టాఫీసు దాకా పెరిగితే డబల్ డెక్కర్ బస్సు డ్రైవరు ఇంజను ఆపి, దిగి, తానూ ఒక పావలా పుణ్యం చేసుకుని వెళ్లాడు.

పోస్టాఫీసంటే గుర్తొచ్చింది. అక్క కమలకు రాసిన కార్డు డబ్బాలో వేద్దామని శ్యామ్‌సుందర్ ఆ ఆదివారాలన్నీ జేబులో పెట్టుకునే ఉన్నాడు. పోస్టాఫీసు పక్కకు ఆరేడు వందల సార్లయినా చేరి ఉంటాడు. డబ్బా దాకా ఎవరూ పోనివ్వలేదు. రాఖీకి రమ్మని రాసిన కార్డు దీపావళి దాటినా జేబులోనే ఉంది.

కానీ మూడు వందల యాభై వచ్చింది. బిచ్చయ్య ఒక గోధుమరంగు కుక్కపిల్లను ఏడు నెలల పాటు తయారుచేశాడు. పేరు ముత్తి. మెమో అందిన నాటి నుంచీ ఆఫీసుకు లేటు కాకుండా శ్యామ్‌సుందర్ తెల్లవారి ఐదింటికే బయలుదేరేవాడు, ఎన్ని దాటింపులైనా పదింటికి చేరేలా! అయినా ఒకటి రెండుసార్లు నిమిషాల్లో తప్పింది గండం.

కుక్కను అప్పజెబుతూ బిచ్చయ్య అన్నాడు. "నడుసుడు ఏ కుక్కయినా నేరుస్తది సార్. ఆగుడు నేర్పుడే కష్టం. మీరు ఎటు పోవాల్నో చెప్పెదాక గిది కదలదు. పులి వచ్చినా కదలదు."

శ్యామ్‌సుందర్ ముత్తి తల మీద చెయ్యి పెట్టాడు. "నేను చెప్పెదాకనా?" అని మళ్లీ అడిగాడు.

మొదటి సోమవారం. తొమ్మిదింటికి తీరిగ్గా బయలుదేరాడు. ఒక చేత కర్ర, ఒక చేత ముత్తి మెడకు కట్టిన తోలు పటకా. సందు చివర ఆగాడు. సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి అటుగా వచ్చాడు. శుభ్రమైన పంచె, జేబులో పెన్ను, హృదయం నిండా కరుణ. పట్టుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. అయితే మాత్రం వెనక్కి తగ్గుతాడా? పటకా అందుకుని అవతలి పక్కకు లాగాడు.

ముత్తి కూర్చుంది.

ఇంకా లాగాడు. కూర్చునే ఉంది. బుజ్జగించాడు, ఈల వేశాడు, బిస్కట్టు చూపించాడు. అది ఆయన మొహం వంక నెమ్మదిగా చూస్తూ కూర్చుంది. పెద్దమనిషికి చెమట పట్టింది. చివరికి చేతకాక, పంచె సర్దుకుని, దాని ముందు గొంతుకూర్చుని, వినయంగా అడిగాడు.

"ఎటు పోవాలె తల్లీ నీకు?"

పదకొండేళ్లలో ఆబిడ్స్ రోడ్డు మీద ఆ ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే. అడిగింది కుక్కను.

శ్యామ్‌సుందర్ నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. "ఈ ఒక్క మాట కోసం ఇన్నేండ్ల సంది ఎదురుచూస్తున్న సార్. కుక్కనే అడిగిన్రు, గంతే చాలు. నాంపల్లికి పోవాలె. గీ పక్కనే. దాటేది లేదు."

ఆ మాట వినగానే ముత్తి లేచి నిలబడింది. నడవబోతూ ఆయన ఆగి, జేబులోంచి చివరి రసీదు పుస్తకం తీశాడు. "పావలా ఇయ్యున్రి. 'దాటించినందుకు' కొట్టేసి 'దాటించనందుకు' అని మీరే రాస్కోన్రి" అన్నాడు.

పదికి పది నిమిషాలుండగా స్విచ్చిబోర్డు ముందు కూర్చున్నాడని తర్వాత తెలిసింది. దారిలో కార్డు కూడా డబ్బాలో పడిందట.

ఈ వ్యాసకర్త ఇంట్లో, దేవుడి పటాల పక్కన, గులాబి రంగు రసీదులు మూడున్నాయి. మొదటి రెండూ దాటించినందుకు. మూడోదాని మీద ఒక మాట పెన్నుతో దిద్ది ఉంటుంది. కష్టపడి సంపాదించుకున్నది అదొక్కటే.