మొద్దుకు పదిహేనో స్నానం

ఆదోని పట్టణ మూగజీవ మిత్ర సంఘం వారు తీవ్ర విచారంతో తెలియజేయునది ఏమనగా, సంఘానికి ప్రాణప్రదమైన మొద్దు అనే కుక్క గత ఆదివారం సేవలందుకుంటూనే పరమపదించినది. ఈ ప్రకటనలో నిజమెంతో దస్తగిరమ్మకు తెలుసు. ఆమెను ఎవరూ అడగలేదు.

ఎమ్మిగనూరు రోడ్డులో, పాత పత్తిమిల్లు షెడ్డులో ఉంది సంఘం వారి ఆశ్రయం. అందులో ముప్పై ఒక్క కుక్కలు. దస్తగిరమ్మ పక్కనున్న హోటల్లో గిన్నెలు తోమి, మిగిలిన అన్నం బకెట్టులో వేసుకొచ్చి రెండు పూటలా వాటికి పెడుతుంది. నాలుగేళ్ళుగా పెడుతూనే ఉంది. అయినా ఆమె స్వచ్ఛంద సేవకురాలు కాదు. నియమావళి ప్రకారం సేవకులంటే నీలం టీషర్టు వేసుకొని, కుక్కకు స్వహస్తాలతో స్నానం చేయిస్తున్న ఫోటో సమర్పించినవారు. దస్తగిరమ్మకు టీషర్టు లేదు. ఫోటో అసలే లేదు, ఎందుకంటే ఫోటో తీసేటప్పుడు నీళ్ళ పైపు పట్టుకునేది ఆమే.

ఈ మహత్తర నియమం రాసినవారు అధ్యక్షులు రఘునాథ్ గారు. ఫోటో ఇచ్చినవారికి ఒక యోగ్యతాపత్రం, ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన ఒక శాలువా. చిక్కంతా కుక్కలతోనే వచ్చింది. ముప్పై కుక్కలు కరుస్తాయి. సేవాభావమంటే వాటికి బొత్తిగా గౌరవం లేదు. కరవనిది మొద్దు ఒక్కటే. ఎవరు సబ్బు రుద్దినా తలవంచుకొని నిలబడుతుంది, పాపిష్ఠిది. అందుచేత ఆదివారం వచ్చిన సేవకులంతా వరుసలో నిలబడి మొద్దుకే స్నానం చేయించేవారు. కుక్క మరీ శుభ్రంగా ఉంటే ఫోటో రక్తి కట్టడం లేదని, స్నానానికీ స్నానానికీ మధ్య కాస్త బురద పూసే ఏర్పాటు కూడా చేశారు.

చిప్పగిరి గొర్రెల కాపరి ఎర్రిస్వామి, మందకు తోడుగా ఈ కుక్కను ఇప్పించమని అప్పటికి మూడుసార్లు వచ్చి పోయాడు. దత్తత ఉపసంఘం అతని దరఖాస్తును కూలంకషంగా పరిశీలించి తిరస్కరించింది. శాశ్వత చిరునామా అడిగితే అతను గొర్లు యాడుంటే ఆడ అన్నాడట. పైగా వారానికొక స్నానానికి కూడా హామీ ఇవ్వలేదు.

డిసెంబరులో మొద్దుకు దగ్గు పట్టుకుంది. అన్నం ముట్టడం మానేసింది. గత ఆదివారం ఒక్కరోజే దానికి పద్నాలుగు స్నానాలు పూర్తయ్యాయి. పదిహేనో సేవకుడు దేవనకొండ నుంచి సకుటుంబంగా వచ్చి తల దువ్వుకుంటున్నాడు. దస్తగిరమ్మ పైపు కట్టేసి రఘునాథ్ గారి ముందు నిలబడింది.

"సార్, కుక్క వణుకుతాండాది. ఇంగ నీళ్ళు పోస్తే బతకదని పశువుల డాక్టరప్ప సెప్పినాడు. ఈ పొద్దుకు సాలు సార్."

రఘునాథ్ గారి కళ్ళు చెమర్చాయి. "అమ్మా, ఆయప్ప అంత దూరం నుంచి సేవ చేయాలని వచ్చినాడు. ఆయప్ప మనసు నొప్పిస్తే మనకు పాపం కాదా?"

అయితే ఆయన కఠినాత్ములు కారు. పదిహేనో స్నానం వేడినీళ్ళతో జరపాలని అక్కడికక్కడే తీర్మానించారు.

నీళ్ళు కాగాలి కదా. ఆలోగా దస్తగిరమ్మ సన్మానం శాలువాల కట్ట విప్పి, ఒకటి తీసి మొద్దును తుడిచి చుట్టింది. ఆ ఆశ్రయంలో ఆ కుక్క ఒళ్ళు తుడవడం అదే మొదటిసారి. నాలుగోసారి అడిగి చూద్దామని వచ్చిన ఎర్రిస్వామి వెనక గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. కుక్కను అతని చేతుల్లో పెట్టింది.

"ఎండలో పండుకోబెట్టప్పా. దీనికి సబ్బు మాత్రం సూపించొద్దు."

వేడినీళ్ళు వచ్చేసరికి కుక్క లేదు. బతికుంటే ఇంత సేవను వదులుకొని ఏ కుక్కా పోదని, కనుక అది ఏ మూలకో పోయి చనిపోయే ఉంటుందని రఘునాథ్ గారు తేల్చారు. కాదన్నవారు లేరు. నోరు తెరిస్తే ఎర్రిస్వామి మీద దొంగతనం కేసు పెడతారని దస్తగిరమ్మ మాట్లాడలేదు.

బుధవారం సంతాపసభ పెట్టారు. దండ వేయడానికి మొద్దు ఫోటో కావాల్సి వచ్చింది. సంఘం దగ్గర నాలుగువందల పన్నెండు ఫోటోలున్నాయి. అన్నింట్లోనూ సేవకుల ముఖాలు కళకళలాడుతున్నాయి. మొద్దు ముఖానికి మాత్రం ఒకచోట మోచెయ్యి, ఒకచోట మగ్గు, ఇంకోచోట రఘునాథ్ గారి మోకాలు అడ్డం. చివరకు ఉన్నంతలో మంచిదని, తొమ్మిదిమంది సేవకులు నవ్వుతుండగా వాళ్ళ కాళ్ళ మధ్య తడి తోక కాస్త కనిపించే ఫోటోను పెద్దది చేయించారు. దానికి బంతిపూల దండ వేసి, ముందు దీపం పెట్టి, ఆ తొమ్మిదిమందీ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు.

ఆ మౌనంలోనే దస్తగిరమ్మ ఫోను మోగింది. దగ్గు తగ్గిందని, జొన్నరొట్టె తింటాండాదని, గొర్రెపిల్లలు దాని మీదెక్కి పండుకుంటాండాయని ఎర్రిస్వామి చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, ఏడుస్తోందని అందరూ ఓదార్చారు.

దండ వేసిన ఆ ఫోటోను సంఘం వారు ఫేస్‌బుక్కులో పెట్టారు. ఆరువందల పదకొండు మంది శ్రద్ధాంజలి ఘటించారు. ఇంత చిన్న వయసులోనే పోయారా అని కొందరు వాపోయారు. తొమ్మిదిమందీ ఒకే బండిలో ఉన్నారా అని ఒకాయన అడిగాడు. రఘునాథ్ గారు ఒక్కొక్కరికీ పేరుపేరునా ధన్యవాదాలు తెలిపారు.

ఇందులో కుక్క ఏదని మాత్రం ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు. ఆ ఫోటో కింద పైనుంచి లెక్కపెట్టి చూసుకోండి, నలభై మూడో శ్రద్ధాంజలి మీదే.