నొక్కకండి, బస్సెక్కండి

కంప్యూటర్ వైరస్‌లంత మర్యాద తెలిసినవాళ్ళు ఈ కాలంలో మరెవరూ లేరని నా గట్టి అభిప్రాయం!

కోప్పడకండి. ఊరూరా సైబర్ అవగాహన సభలు పెట్టి గొంతు చించుకుంటున్న రోజుల్లో వీడేంటి ఇట్లా మాట్లాడుతున్నాడనుకుంటారేమో. నా వాదన కాస్త వినండి. మనింట్లో పెళ్ళయితే ఏం చేస్తాం? పిలవాల్సినవాళ్ళ పట్టీ రాస్తాం. రాసింది మొదలు కొట్టివేతలే. పోయినసారి మనల్ని పిలవనివాళ్ళను కొట్టేస్తాం. పిలిచినా సరిగ్గా పిలవనివాళ్ళను కొట్టేస్తాం. పొలం గట్టు దగ్గర మాటా మాటా అనుకున్నవాళ్ళ పేరయితే అసలు రాయనే రాయం.

వైరస్ అట్లా కాదు. మీ ఫోన్‌లో ఒక్కసారి అడుగుపెట్టనివ్వండి, అందరినీ పిలుస్తుంది. వియ్యపురాలినీ పిలుస్తుంది, కోర్టు కేసులో అవతలి పార్టీనీ పిలుస్తుంది. గ్యాస్ బండ తెచ్చే మనిషిని, ఎప్పుడో మీ పన్ను పీకిన డాక్టరును కూడా మరిచిపోదు. కులం చూడదు, పార్టీ చూడదు. ఇంత సమదృష్టి మన పెద్దమనుషుల్లో ఎవరికుందో చెప్పండి చూద్దాం!

అయినా రక్షణ గురించి మా కడప జిల్లావాళ్ళకు ఒకరు నేర్పాలా? ప్రొద్దుటూరులో నాకు తెలిసిన బంగారు అంగడి ఒకటుంది. ఆయుధపూజ రోజు కంప్యూటర్‌కు పెట్టిన కుంకుమబొట్టు సరిగ్గా కెమెరా కన్ను మీద పడింది. ఏడాదిగా అట్లాగే ఉంది. ఏ దేశపు గూఢచారైనా ఆ అంగట్లోకి తొంగిచూడగలడా? పాస్‌వర్డ్ మాత్రం మానిటర్‌కు కాగితం మీద రాసి అంటించారు. గుమాస్తా మారినప్పుడల్లా చెప్పాలంటే యజమానికి నోరు నొప్పి.

"బ్యాకప్ తీసి పెట్టుకున్నారా?" అని ఆయన్ను అడిగాను.

"ఓ, శానా జాగ్రత్తగా పెట్టినాం, పెన్‌డ్రైవ్‌లో."

"అది యాడ పెట్టినారు?"

"యాడికీ పోకుండా కంప్యూటర్‌కే గుచ్చిపెట్టినాం గదప్పా!"

ఇక దొంగ ఫోన్‌కాల్ పట్టుకోవడానికి మా సీమలో యంత్రాలు అక్కర్లేదు. ఎత్తగానే "యాడ సచ్చినావురా ఇన్ని దినాలు" అన్నాడంటే మనవాడు. "నమస్కారమండీ, భోంచేశారా అండీ" అన్నాడంటే అనుమానించాల్సిందే. ఇంత సులువైన పరీక్ష పెట్టుకుని కూడా మనమే తప్పుతున్నాం. ఎందుకు తప్పుతున్నామో తెలుసా? భోంచేశావా అని అడిగే దిక్కు లేక మొహం వాచిపోయి ఉన్నాం కాబట్టి.

నమ్మకం కలగడం లేదా? అయితే జమ్మలమడుగు హెలెన్ టీచరమ్మ కథ వినండి.

హెలెన్ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. లెక్క తప్పితే పిల్లవాణ్ణే కాదు, వాడి తండ్రిని కూడా నిలబెట్టి అడిగే మనిషి. అందుకే స్కూల్లో సైబర్ క్లబ్ పెట్టమని పైనుంచి కాగితం రాగానే హెడ్మాస్టరు అది ఆమె నెత్తిన పెట్టాడు. ప్రతి శనివారం ఆమె మూడు సూత్రాలు చెప్పేది, పిల్లలు ఎక్కాల్లా వల్లించేవాళ్ళు. తెలియని ఫైలు నొక్కరాదు. ఓటీపీ కన్నతల్లికి కూడా చెప్పరాదు. అనుమానం వస్తే, పంపినవాళ్ళకే ఫోన్ చేసి కనుక్కోవాలి.

అట్లాంటి హెలెన్ ఒక సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుకుంటుండగా ఫోన్ టింగుమంది. చూస్తే జాస్మిన్ నంబరు! జాస్మిన్ ఆమెకు సొంత చెల్లెలు, పులివెందులలో నర్సు. ఇద్దరికీ కరోనా కాలం నుంచీ మాటల్లేవు.

కారణం పెద్దదే లెండి. హెలెన్ కొడుకు రవికుమార్ పెళ్ళి కరోనాలో జరిగింది. పెళ్ళికి ఇంతమందే రావాలి, ఊళ్ళు తిరగరాదు అని ఆంక్షలు. దాంతో హెలెన్ చెల్లెలికి పత్రిక ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టింది. "తోడబుట్టినదాన్ని ఫోన్‌లో పిలుస్తాదా? ఇంటికొచ్చి పిలిస్తే అరిగిపోతాదా?" అని జాస్మిన్ పెళ్ళికే రాలేదు. అప్పటినుంచి చావులకు కలిసినా ఒకరు పందిట్లో ఈ చివర, ఇంకొకరు ఆ చివర.

ఇప్పుడు ఆ చెల్లెలి నంబరు నుంచి మెసేజ్. "మా ఇంట జరుగు శుభకార్యమునకు మీరు తప్పక విచ్చేయ ప్రార్థన." కింద పెళ్ళి పత్రిక అని పేరున్న ఫైలు.

చెల్లెలు పిలిచింది! హెలెన్‌కు కళ్ళు చెమర్చాయి. జాస్మిన్ పుట్టి బుద్ధెరిగాక అక్కను "మీరు" అన్న పాపాన పోలేదే, ఈ ప్రార్థనలు ఎక్కడ నేర్చింది అన్న ఆలోచన ఆ తడికి అడ్డం రాలేదు.

అంటే సూత్రాలు గుర్తుకు రాలేదని కాదు. మూడూ వచ్చాయి. మూడోదాని దగ్గరే చిక్కు. ఫోన్ చేసి కనుక్కోవాలి, సరే. ఇన్నేళ్ళ తర్వాత చేసే మొదటి ఫోన్‌లో ఏమని అడగాలి? "నన్ను నిజంగానే పిలిచినావా?" అనా? లేదని ఆమె అంటే ఏ మొహం పెట్టుకోవాలి? పలకరించడం కన్నా నొక్కడమే తేలికనిపించింది. నొక్కింది.

పాపం, ఫోన్ శాయశక్తులా బతిమాలింది. ఇది ప్రమాదకరమైన ఫైలు కావచ్చు, అనుమతిస్తారా అంది. నీ మెసేజ్‌లన్నీ చదువుతుందట, అనుమతిస్తారా అంది. నీకు తెలిసినవాళ్ళ నంబర్లన్నీ చూస్తుందట, అనుమతిస్తారా అంది. చర్చిలో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండని అడగడం హెలెన్ చిన్నప్పటినుంచీ వింటోంది. అభ్యంతరముందని లేచినవాళ్ళను ఇంతవరకు చూడలేదు. ఆమె కూడా మూడుసార్లూ అభ్యంతరం లేదనే నొక్కింది.

పత్రిక మాత్రం తెరుచుకోలేదు. పొద్దున్నే ఒక పట్టుచీర సంచిలో పెట్టుకుని బయలుదేరింది.

"యాడికి పోతాండావు?" అన్నాడు భర్త ప్రభాకర్.

"పులివెందులకు. జాస్మిన్ బిడ్డ పెండ్లంట."

"యాపొద్దు పెండ్లి?"

"పోతే తెలుస్తాది లే!"

ముద్దనూరు మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సంచిలో ఫోన్ మోగుతూనే ఉంది, ఆమె పట్టించుకోలేదు. అవతల ఏం జరిగిందంటే, రాత్రికి రాత్రి హెలెన్ పేరుతో హెలెన్‌కు తెలిసినవాళ్ళందరికీ అదే పెళ్ళి పిలుపు వెళ్ళింది. హెడ్మాస్టరుకు వెళ్ళింది, పాస్టరుగారికి వెళ్ళింది, కూరగాయల అన్సర్‌కు వెళ్ళింది. హెలెన్ ఎత్తకపోతే అన్సర్ నేరుగా ప్రభాకర్‌కే ఫోన్ చేశాడు. "సార్, టీచరమ్మకు పెండ్లంట, పిలిచింది. మరి మీ సంగతేంది సార్?" అని అడిగాడట పాపం, నిజంగా బాధపడుతూ.

ఇటు పులివెందులలో జాస్మిన్ తలుపు తీసింది. ఎదురుగా అక్క, చేతిలో సంచి, పండ్లు.

"పాప పెండ్లంట గదమ్మే."

"ఎవురు చెప్పినారు?"

"నువ్వే గదా పత్రిక పంపిస్తివి."

"నేనా? అయ్యో, నిన్నట్నుంచి అందురూ ఇదే అడుగుతాండారు గదక్కా! నా ఫోన్‌లో ఏందో దూరిందంట. పెండ్లీ ల్యా, ఏమీ ల్యా."

హెలెన్ పండ్లు గడప మీద పెట్టేసింది. ఫోన్ దొంగ చేతిలో పడిందని కాదు. చెల్లెలు పిలవలేదు, అదీ బాధ. పిలవని పెళ్ళికి, అసలు లేనే లేని పెళ్ళికి చీరతో సహా వచ్చి నిలబడింది. సంచి చంకలోకి జరుపుకుని వెనక్కి తిరిగింది.

"యాడికి?" అంది జాస్మిన్.

"బస్సుంటాది గదా."

"పిలవకపోయినా వస్తివి. ఇంగ పొమ్మనకుండానే పోతావా? లోపలికి రా కా, ఎండలో ఏంది అట్ల నిలబడి."

లోపల ఉగ్గాని తిన్నారు, ఏడ్చారు, కరోనా నాటి తగాదాను మొదటినుంచి చివరిదాకా ఇంకోసారి పోట్లాడుకుని ఈసారి ముగించారు. చీర జాస్మిన్ బీరువాలోకి పోయింది. కలమల్ల కరెంటు ప్లాంటులో పనిచేసే రవికుమార్‌కు తండ్రి ప్రభాకర్ ఫోన్ చేసి సంగతి చెప్పాడు. బ్యాంకు ఖాతాలో దొంగ చెయ్యి పెట్టేలోపే రవికుమార్ సైబర్ ఫిర్యాదుల నంబరు 1930కీ బ్యాంకుకూ ఫోన్ చేసి ఆపించాడు.

ఇప్పుడు చెప్పండి! బంధువులు చెప్పి చూశారు, పాస్టరుగారు ప్రార్థన చేసి చూశారు. ఎవరి వల్లా కానిది ఒక దొంగ ఒక్క ఫైలుతో చేశాడు. అతణ్ణి జైల్లో పెట్టాలా, శాలువా కప్పాలా? ఒక వైరస్ విడదీసిన అక్కచెల్లెళ్ళను ఇంకో వైరస్ కలిపిందంటే మీరే ఆలోచించండి.

కథ ఇక్కడితో ఆగి ఉంటే నేను ఆ దొంగకు సన్మాన సభ పెట్టించేవాణ్ణి. కానీ ఆ తర్వాత రక్షణ వచ్చిపడింది.

రవికుమార్ తల్లి ఫోన్‌ను కడిగి ఆరేశాడు. రెండంచెల తాళం పెట్టాడు. ముక్కూమొహం తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే మోగనే మోగకుండా చేశాడు. హెలెన్ కూడా మారిపోయింది. పాస్టరుగారు పొద్దున్నే పంపే వాక్యం బొమ్మను కూడా తెరవదు, ఆదివారం చర్చికి పోయి నేరుగా వింటుంది. ఒకసారి కాలిన చెయ్యి కదా, తప్పు పట్టలేం.

అక్కడ జాస్మిన్ ఇంకా భయపడి పాత సిమ్ తీసి విరగ్గొట్టింది. కొత్తది తీసుకుంది. కొద్ది రోజులకే కూతురికి నిజంగా సంబంధం కుదిరింది. అందరికన్నా ముందు అక్కకే మెసేజ్ పెట్టింది.

"అక్కా నేను జాస్మిన్. పాత నంబరు తీసేసినా, ఇది కొత్తది. పాపకు పెండ్లి కుదిరింది కా, ఈసారి నిజంగానే. నువ్వు ముందే రావాల, నాకు శానా పనుండాది. పత్రికలు అచ్చయినాక నేనే వచ్చి పిలుస్తా."

హెలెన్ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. తెలియని నంబరు. నంబరు మారిందన్న కబురు. మళ్ళీ పెళ్ళి! తాను శనివారం చెప్పే పాఠమంతా ఒకే మెసేజ్‌లో ఉంది. ఈసారి మూడో సూత్రం కూడా తప్పలేదు, జాస్మిన్ పాత నంబరుకు ఫోన్ చేసింది. అది ఉపయోగంలో లేదని జవాబొచ్చింది. ఇంకేం అనుమానం? బ్లాక్ చేసింది, ఫిర్యాదు కూడా పెట్టింది. తల్లి చెప్పిందని రవికుమార్ తన ఫోన్‌లోనూ, తండ్రి ఫోన్‌లోనూ ఆ నంబరును బ్లాక్ చేశాడు.

శనివారం ఆ మెసేజ్‌ను తరగతిలో తెరమీద పెద్దదిగా వేసి చూపించింది.

"సూడండి పిల్లోల్లారా, ఈ దొంగనాయాళ్ళు ఎంత తెలివి మీరినారో. మన మాట గూడా నేర్చుకున్నారు!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు ఫోటో తీసి స్కూలు గ్రూపులో పెట్టాడు. సొంత చెల్లెలు సొంత యాసలో రాసిన పిలుపు ఆ రోజు తెరమీద దొంగ సరుకుగా నిలబడింది.

జాస్మిన్ రోజూ ఫోన్ చేసింది. మోగితే కదా! బ్లాక్ చేసిందని అర్థమయ్యాక ఆమెకు ఒళ్ళు మండింది. "ఇంత చేసినామెకు పత్రిక ఎత్తుకొని నేను పోవాల్నా? పోను!" అంది. ఇటు హెలెన్, పాత నంబరు పలకలేదు కాబట్టి, "నంబరు మార్చి నాకు చెప్పను గూడా చెప్పల్యా, మల్లా మొదలుపెట్టింది" అని మూతి ముడుచుకుంది. ఇద్దరూ న్యాయంగానే ఉన్నారు. ఇద్దరి ఫోన్లూ ఇప్పుడు కంచుకోటలు, చీమ కూడా దూరలేదు.

ఇదంతా నీకెట్లా తెలుసంటారా? పెళ్ళి బట్టలకు జాస్మిన్ ప్రొద్దుటూరు వచ్చింది. బట్టల అంగడి పక్కనే ఉన్న నా ఇల్లు కనుక్కుని వచ్చి గుమ్మంలోనే అడిగింది.

"మా అక్క నీ రాతలు ప్రతివారం చదువుతాది. తప్పులు దిద్దేదానికే లే, అయినా చదువుతాది. పేపర్‌ను బ్లాక్ చేసేదానికి కాదు గదన్నా?"

కాదమ్మా అన్నాను. "మరి రాయి" అంది. కళ్ళు తుడుచుకుంది, వెళ్ళిపోయింది. హెలెన్ వైపు సంగతి స్కూలువాళ్ళను నేనే అడిగి తెలుసుకున్నాను. ఈ వారం మీరు చదివిన వ్యాసం నిజానికి వ్యాసం కాదు, పెళ్ళి పిలుపు. మోసం చేసినందుకు మన్నించాలి.

హెలెన్ టీచరమ్మా! ఎర్రపెన్ను కాసేపు కింద పెట్టండి. ఇందులో లింకు లేదు, ఫైలు లేదు. మీ ఓటీపీ నాకొద్దు. దొంగ పిలిస్తే పట్టుచీర, పండ్లు పట్టుకుని బస్సెక్కారు. చెల్లెలు పిలిస్తే బ్లాక్ చేశారు. వైరస్ మర్యాద గురించి మొదట్లో నేనన్న మాట వెనక్కి తీసుకోను. కానీ అక్కచెల్లెళ్ళను పిలుచుకునే పని కూడా దానికెందుకు వదిలేశాం?

పెళ్ళి వచ్చే గురువారం. పులివెందుల చర్చిలో ప్రకటన రెండు ఆదివారాలు చదివేశారు, మూడోది రేపు. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని పాస్టరుగారు అడిగినప్పుడల్లా జాస్మిన్ తలుపు వైపు చూస్తోందట.

ఇది కూడా దొంగ పిలుపేమోనని మీకు అనుమానం రావచ్చు. మీలాంటివారికి రావాలి కూడా! అప్పుడేం చెయ్యాలో మీరే పిల్లలకు నేర్పారు, పంపినవాళ్ళనే కనుక్కోండి. ఫోన్ మాత్రం చెయ్యకండి. పోయి తలుపు కొట్టండి.