సమాధికి రెండు టికెట్లు

పెళ్లయిన ఐదో వారంలో కొత్త దంపతులు ఒక చిన్న పథకం వేసుకున్నారు. తెల్లవారకముందే యాత్రా బస్సెక్కి, రెండు గంటల దూరంలో ఉన్న రాజుగారి మహాసమాధి చూసి, చీకటి పడేలోగా తిరిగి రావాలి. గైడు, మధ్యాహ్న భోజనం అన్నీ టికెట్లోనే. ఆ తెల్లరాతి గుమ్మటం మీద తొలి ఎండ పడుతుంటే చూసినవాళ్లు జన్మలో మరిచిపోరని ప్రతీతి. కొత్త కోడలు బడికెళ్లే రోజుల్లో ఆ గుమ్మటం బొమ్మ ఉన్న పెన్సిల్ డబ్బా వాడింది. ఇప్పుడు అసలు గుమ్మటం, పక్కన అసలు మొగుడు. ఇంతకన్నా ఏం కావాలని ఆమె రెండు రోజులుగా తనలో తనే నవ్వుకుంటోంది.

చిక్కల్లా ఇంటితోనే. మూడు గదులు, ఆరుగురు మనుషులు. అత్తామామలు, కొత్త దంపతులు, పైకప్పు కారుతోందని పది రోజులకోసం వచ్చి మూడు నెలలుగా ఉంటున్న ఆడబిడ్డ, ఆమె భర్త. ఇద్దరే సినిమాకని లేస్తే ఆరు టికెట్లయ్యాయి. ఇద్దరే పార్కుకని లేస్తే బావగారు మడతకుర్చీ కూడా తెచ్చుకున్నారు. అందుకే అందరికీ సెలవుండే ఆదివారం వద్దనుకుని మామూలు పనిరోజు ఎంచుకున్నారు. మొగుడు ఆఫీసుకి జ్వరమని ఫోన్ చేసేశాడు. ఇంట్లో ఏం చెప్పాలో మాత్రం ఆలోచించుకోలేదు.

"అంత పొద్దున్నకి అలారం పెడుతున్నావెందుకురా?" అని రాత్రి భోజనాల దగ్గర తల్లి అడిగింది.

"పొద్దున్నే వెళ్లాలమ్మా. ఇద్దరం."

"ఎక్కడికి?" అని అక్క, బావ ఒక్కసారే తలెత్తారు. బావగారి కళ్లలో మడతకుర్చీ మెరిసింది.

ఎవరూ వెంట వస్తాననలేని చోటు ఏదైనా చెప్పాలి. "అంత్యక్రియలకి" అనేశాడు.

"అయ్యో! ఎవరివిరా?"

అతను జీవిత బీమా కంపెనీలో, మరణ క్లెయిముల విభాగంలో గుమాస్తా. అక్కడి సూపర్‌వైజరు, చనిపోయినవాడి భార్య ఎదురుగా కూర్చుని ఏడుస్తున్నా, "రుజువేదమ్మా?" అని అడిగే మనిషి. ఆఫీసులో అందరూ ఆయన్ని వెనక 'రుజువుగారు' అంటారు. నెలాఖరుకి గుమాస్తా ఉద్యోగం ఖాయం కావాలన్నా, ఊడాలన్నా ఆయన సంతకమే. పగలంతా ఆయన మాటే మనసులో తిరుగుతుండటంతో ఆ పేరే నోట్లోంచి జారింది.

"మా సూపర్‌వైజరుగారివి. గుండెపోటు. ఎక్కడో దూరంగా, వాళ్ల సొంతూళ్లో చేస్తున్నారు. వాళ్లావిడ ఒక్కత్తే ఉంది, మీ ఆవిణ్ని కూడా తీసుకురా అన్నారు."

కొత్త కోడలికి పొలమారింది. అత్తగారు తలమీద తట్టింది. బావగారి కళ్లు మళ్లీ పళ్లెంలోకి దిగిపోయాయి. పథకం పారిందని గుమాస్తా మురిసిపోయాడు. తండ్రి మాత్రం తినడం ఆపి, చేయి కడుక్కుని, కిటికీ దగ్గర నిలబడి, "మంచివాళ్లంతా పోతున్నారు" అన్నాడు. గుమాస్తా దాన్ని పట్టించుకోలేదు. తప్పు అక్కడే జరిగింది. నీటిసరఫరా శాఖలో రిటైరయ్యాక ఆ పెద్దాయనకు మిగిలిన ఏకైక పని పరామర్శ. ఎరిగినవాళ్లు పోయినా, ఎరగనివాళ్లు పోయినా ఆయన ముందు వరసలో ఉంటాడు. నిజంగానే ఏడుస్తాడు కూడా.

మర్నాడు చీకట్లో కోడలు బూడిదరంగు చీర కట్టుకుని గుమ్మం దాటింది. సంచీలో పసుపుపచ్చ చీర, కొత్త చెప్పులు, రెండు మూతలున్న ఫ్లాస్కు దాచుకుంది. రెండు మూతలంటే రెండు కప్పులు. ఆ సంగతి తలుచుకోగానే నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి.

"చూడకుండానే ఎలా ఏడుస్తోందో! మనసున్న పిల్ల" అని అత్తగారు కళ్లు తుడుచుకుంది.

బస్టాండులో బూడిదరంగు చీర ఆడవాళ్ల గదిలోకి వెళ్లి పసుపుపచ్చ చీరై బయటికొచ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని బస్సెక్కారు. కిటికీ సీటు ఎవరిదని ప్రేమగా కాసేపు పోట్లాడుకున్నారు. ఆ గొడవకి ముందు సీట్లో మంకీక్యాప్ పెట్టుకుని, దుప్పటి చుట్టుకుని ఉన్న ఆకారం వెనక్కి తిరిగింది.

చనిపోయిన రుజువుగారు.

"నీకు జ్వరం కదూ?" అన్నారు రుజువుగారు.

"అవునండీ. మరి తమకి?"

"ఛాతీ నొప్పి. రాత్రే మేనేజరుకి ఫోన్ చేసి చెప్పాను."

"రెండూ ఈ బస్సెక్కితే తగ్గే జబ్బులే. ఇటు తిరిగి కూర్చోండి" అంది పక్కనున్న ఆయన భార్య. తర్వాత వెనక్కి వంగి, "ముప్ఫై ఏళ్లుగా అడుగుతున్నానమ్మా, ఈ సమాధి చూపించమని. ఎప్పుడూ ఏదో ఒక క్లెయిము అడ్డం. ఇవాళ ఆయన ఫోన్ ఆపేసి నా సంచీలో పడేశాను. ఆ షరతు మీదే బయల్దేరాం" అని కోడలి చేతిలో రెండు బిస్కెట్లు పెట్టింది.

కోడలు మొగుడి చెవిలో, "నిన్న రాత్రి మీరు చంపింది ఈయన్నేనా?" అంది.

"ష్!"

"పాపం, బాగానే ఉన్నారు కదండీ!"

తొలి ఎండ రాలేదు. బస్సు దిగేసరికి మంచు గోడ కట్టినట్టుంది. గైడు చేతిలోని చిన్న జెండా తప్ప ఏమీ కనబడటం లేదు. "మీ ఎదురుగా ప్రపంచ ప్రసిద్ధి చెందిన గుమ్మటం" అన్నాడతను తెల్లటి శూన్యంలోకి చెయ్యి చూపిస్తూ.

"రుజువేది?" అన్నారు రుజువుగారు.

గైడు గొంతు సవరించుకుని అందర్నీ కోట గోడలు చూపించడానికి తీసుకెళ్లాడు. అక్కడ ఉండగా గుమాస్తా ఫోన్ మోగింది.

"ఒరే నాన్నా, నేను మీ ఆఫీసులో ఉన్నానురా" అన్నాడు తండ్రి. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఆఫీసులోనా? ఎందుకు నాన్నా?"

"ఎందుకేమిట్రా? అంత దూరం రాలేకపోయినా, ఆయన కూర్చున్న కుర్చీకైనా ఓ దండ వేద్దామని వచ్చాను. తీరా చూస్తే ఇక్కడ ఎవరికీ తెలియదురా! నేను చెబితే మేనేజరుగారు నిలువునా కూలబడ్డారు. రాత్రే ఛాతీ నొప్పని ఫోన్ చేశారట. ఇప్పుడు చేస్తే ఫోన్ పలకడం లేదు. ఇంటికి మనిషిని పంపిస్తే తాళం. తెల్లారకుండానే దుప్పటి చుట్టి కారులో తీసుకుపోయారని పక్కింటావిడ చెప్పిందట. ఆవిడ కూడా ఏడుస్తోందట."

రెండడుగుల ముందు రుజువుగారు భార్యకి శాలువా సర్దుతున్నారు. గట్టిగా చెప్పడానికి లేదు. గొంతు తగ్గించి, "నాన్నా, ఆయనకేం కాలేదు. బాగానే ఉన్నారు" అన్నాడు.

"అలాగే అనుకోవాలిరా. ఎక్కడున్నా బాగానే ఉంటారు. నువ్వు గుండె దిటవు చేసుకో. మీ అమ్మని, అక్కని ఆయనింటికి పంపించాను, పక్కింటావిడకి తోడుగా ఉంటారు." ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు. ఆ రాతిగోడల మధ్య సిగ్నల్ గాలివాటంగా వచ్చి పోతోంది.

వచ్చినప్పుడల్లా ఒక పిడుగు పడేది. పక్కసీటు మిత్రుడి సందేశం: హాల్లో సంతాపసభ మొదలైంది. ఇంకొకటి: మధ్యాహ్నం నుంచి ఆఫీసుకి సెలవు, అందరూ హుషారుగా ఉన్నారు. మరొకటి: రుజువుగారి సొంత పాలసీ తాలూకు మరణ క్లెయిము తెరిచారు, ఆయన గౌరవార్థం ఇవాళే తేల్చేయాలని మేనేజరు ఆర్డరు వేశారు. ఆ విభాగం పుట్టాక ఏ క్లెయిమూ ఒక్క పూటలో తెరిచిన దాఖలా లేదు. చివరగా ఒక ఫోటో వచ్చింది.

"చెప్పేయండి" అంది కోడలు, ఫోటో చూసి. ఆమె నవ్వు పొద్దున్నుంచి మొదటిసారి ఆగిపోయింది.

"చెబితే నా ఉద్యోగం?"

"చెప్పకపోతే ఆయన ప్రాణం!"

ఈలోగా గైడు అందర్నీ ఇరుకు మెట్లమీదుగా సమాధి గదిలోకి దించాడు. చల్లగా, చీకటిగా, తడిరాయి వాసన. మధ్యలో నల్లరాతి పేటిక ఉంది. "రాజుగారు దీన్ని బతికుండగానే కట్టించుకున్నారు. కానీ ఇందులో ఆయన లేరు. దూరదేశంలో యుద్ధానికెళ్లి తిరిగి రాలేదు. పోయారని ఒక్క సైనికుడు వచ్చి చెప్పాడు. రాజ్యమంతా ఏడ్చి, ఖాళీ పేటిక మూసేసింది."

"ఒక్కడి మాట మీదా?" రుజువుగారి గొంతు గది నాలుగు మూలలా మోగింది. "ఆ సైనికుడు ఎందుకు అబద్ధం చెప్పకూడదు? ఇలాంటి క్లెయిము నా బల్ల మీదికొస్తే మొహాన కొట్టేవాణ్ని!"

కోడలు మొగుడి నడుం గిల్లింది. మిగతావాళ్లు మెట్లెక్కాక, ఖాళీ పేటిక పక్కన నిలబడి గుమాస్తా మొత్తం చెప్పేశాడు. రాత్రి భోజనం, అంత్యక్రియలు, తండ్రి, దండ, ఏదీ దాచలేదు. రుజువుగారు కదలకుండా విన్నారు.

"రుజువేది?" అన్నారు.

గుమాస్తా ఫోటో చూపించాడు. కుర్చీకి పూలదండ. వెనక వరసలో ఇద్దరు నవ్వుతున్నారు. బల్ల మీద ఉండాల్సిన ఫ్యాను లేదు. రుజువుగారు ఫోటోని పెద్దది చేసి, ఆ ఖాళీ చోటునే చాలాసేపు చూశారు.

"నా ఫ్యాను అప్పుడే పట్టుకుపోయారా?"

ఆయన వేలు ఫోటోలోని మొహాల మీదికి జరిగింది.

"పోనీ, ఎవరైనా ఏడ్చారా?"

గుమాస్తా తలొంచుకున్నాడు. "మా నాన్న ఏడ్చారండీ."

"ఆయన నన్నెప్పుడూ చూళ్లేదు కదయ్యా."

"అవునండీ. చూళ్లేదు."

పైకొచ్చాక రుజువుగారు గుమాస్తా ఫోన్‌తోనే మేనేజరుకి చేశారు. "నేనండీ. పోలేదు. బతికే ఉన్నాను."

మేనేజరు అరుపు ఆ మంచులో చుట్టూ ఉన్న నలుగురికీ వినిపించింది. "ఎవర్రా నువ్వు? పెద్దమనిషి పోతే, ఆ గుమాస్తా ఫోన్లోంచి గొంతు మార్చి వేళాకోళాలా? బతికున్నావా? రుజువేది? రేపు మనిషి స్వయంగా వచ్చి కనబడితే అప్పుడు చూస్తాం!"

రుజువుగారు ఫోన్ తిరిగిచ్చేశారు. మొహంలో బాధ ఉంది, దాని పక్కనే కాస్త గర్వమూ ఉంది. "నేను నేర్పిందే" అన్నారు.

అందరూ ఆయన ఏమంటారోనని చూస్తున్నారు. ఆయన భార్య మాత్రం గడ్డి మీద దుప్పటి పరిచి కూర్చుంది. "అయితే ఇవాళ్టికి మీరు పోయారుగా?" అంది.

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వులాట కాదు. పోయినవాళ్లని ఆఫీసు పిలవదు. ఫైలు పంపదు. చీకటి పడేదాకా నాకు మీరు, మీకు నేను. రేపు పొద్దున బతుకుదురుగాని. కూర్చోండి."

రుజువుగారు మంకీక్యాప్ తీసి పక్కన పెట్టి కూర్చున్నారు. కోడలు ఫ్లాస్కు తెరిచి రెండు మూతల్లో టీ పోసి, రెండూ వాళ్లిద్దరికే ఇచ్చింది. తమకి కప్పుల్లేవు. ఉన్నా తాగే ధైర్యం గుమాస్తాకి లేదు. అప్పుడు మంచు విడింది. ఎవరో తెర లాగినట్టు, తెల్లటి గుమ్మటం ఒక్కసారిగా ఎదురుగా నిలబడింది. రుజువుగారి భార్య టీ తాగడం మరిచిపోయింది. రుజువుగారు గుమ్మటాన్ని చూడలేదు, ఆమె మొహాన్నే చూశారు. ఈసారి రుజువు అడగలేదు.

తిరుగు ప్రయాణంలో, అందరూ నిద్రపోయాక ఆయన వెనక్కి తిరిగారు. "చూడవయ్యా. నన్ను చంపినందుకు నీ ఉద్యోగం తీసేయాలి. తీసేస్తే కారణం రాయాలి. కారణం రాస్తే నా ఛాతీ నొప్పి సంగతి బయటపడుతుంది. అందుకని రేపు నీ ఉద్యోగం ఖాయం చేస్తున్నాను. అయితే ఒక షరతు. ఆ ఏడ్చిన పెద్దమనిషిని నాకు చూపించాలి."

మర్నాడు ఆఫీసు తెరిచే వేళకి రుజువుగారు నడుచుకుంటూ వచ్చారు. టైపిస్టు కెవ్వుమంది. ఫ్యాను ఎవరూ పెడుతుండగా కనబడలేదు గానీ, పది నిమిషాల్లో బల్ల మీద ఉంది. ఆయన ముందు తన మరణ క్లెయిము తెప్పించుకుని, 'ఆధారాలు చాలవు' అని రాసి తిప్పికొట్టారు. తర్వాత గుమాస్తా కాగితం మీద సంతకం పెట్టారు.

సాయంత్రం భార్యతో సహా గుమాస్తా ఇంటికొచ్చారు. ఇంట్లో అప్పటికే పెద్ద గొడవ జరిగి చల్లారింది. తండ్రి కుర్చీలోంచి లేవలేదు.

"నేను మీకోసం ఏడ్చానండీ" అన్నాడు నిష్ఠూరంగా.

"తెలుసు. మీరొక్కరే ఏడ్చారు." రుజువుగారు రెండు చేతులూ జోడించారు. "నిజంగా పోయినప్పుడు కూడా తమరు తప్పకుండా రావాలి."

పెద్దాయన కరిగిపోయాడు. "ఎంతమాట! ముందు వరసలో ఉంటాను. కాకపోతే, ఈసారి కబురు మీ ఇంటినుంచి రావాలి. మావాడి మాట నమ్మను."

"ఇంతకీ ఆ సమాధి అంత బావుంటుందా?" అని అప్పటిదాకా మౌనంగా ఉన్న బావగారు అడిగారు.

"మళ్లీ చూడాలనిపిస్తుంది బాబూ" అంది రుజువుగారి భార్య.

వచ్చే ఆదివారానికి ఎనిమిది టికెట్లు తీసుకున్నారు. కొత్త దంపతులకు దొరికిన సీట్లు డ్రైవరు వెనక ఒకటి, చిట్టచివరి వరసలో, మడతకుర్చీ పక్కన ఒకటి.