జోకులు లేని హాస్యచిత్రం

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి పట్టాభిరామయ్యగారు మొన్న జనవరిలో ఏలూరు సభలో ఒక చరిత్రాత్మక ప్రకటన చేశారు. "ఈ జిల్లా నవ్వడం మర్చిపోయింది. ఇకమీదట ఆ బాధ్యత ప్రభుత్వమే తీసుకుంటుంది" అన్నారు. జిల్లా ఎందుకు మర్చిపోయిందో చెప్పలేదు. పెద్దవాళ్లు కారణాల జోలికి పోరు. కొల్లేరు లంక గ్రామానికి చెందిన హాస్య కళాకారుడు ఏసోబుగారి జీవితాన్ని కామెడీ సినిమాగా తీయిస్తున్నామని చెప్పి, ఆయన్ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. విలేకరిగా ముందు వరసలో ఉన్న నేను పెన్ను జేబులో పెట్టి మరీ చప్పట్లు కొట్టాను.

ఏసోబుగారికి డెబ్భై రెండేళ్లు. చర్చి క్రిస్మస్ కార్యక్రమాల్లో, పెళ్లిళ్లలో, తాడేపల్లిగూడెం వర్తకుల వార్షికోత్సవాల్లో నలభై ఏళ్లుగా ఒక్కడే మైకు ముందు నిలబడి కబుర్లు చెప్పి నవ్విస్తున్నాడు. దాన్ని స్టాండప్ కామెడీ అంటారని హైదరాబాదు నుంచి వచ్చిన దర్శకుడు విశ్వతేజ చెప్పేవరకూ ఆయనకు తెలియదు.

"నిలబడటం అలవాటేనండీ. కూర్చుంటేనే, మళ్లీ లేవాలంటే మోకాళ్లు ఒప్పుకోవండీ" అన్నాడు.

కథాచర్చలు తాడేపల్లిగూడెంలో మంత్రిగారి అతిథిగృహంలో జరిగాయి. ఏసోబుగారు భార్య కృపమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. "నీ దగ్గరున్న వాటిలో బెస్టు జోకు చెప్పు ఏసోబూ" అన్నారు మంత్రిగారు.

"కొల్లేరు కనపడటం లేదని కంప్లైంటు ఇవ్వడానికి స్టేషనుకి వెళ్లానండీ. 'ఆఖరిసారి ఎక్కడ చూశావు?' అన్నారు ఎస్సైగారు. 'మా ఇంటి ముందేనండీ. ఇప్పుడక్కడ మంత్రిగారి బావమరిదిగారి చేపల చెరువుందండీ' అన్నాను. ఆయన రిజిస్టరు మూసేసి, 'అయితే తప్పిపోలేదయ్యా, చుట్టాలింటికి వెళ్లింది' అన్నారండీ."

గదంతా గొల్లున నవ్వింది. మంత్రిగారు నవ్వలేదని గమనించి గదంతా దగ్గింది.

"బాగుంది. మరీ బాగుంది. అందుకే పరిశీలించాలి" అన్నారు మంత్రిగారు.

ఆ జోకు ఏసోబుగారు సరదాకి కట్టింది కాదు. ఆ చెరువుకి గట్టు వేసిన ఏడాది, వరద నీరు పోయే దారిలేక వాళ్లింట్లోకి వచ్చింది. మూడు రోజులు మంచం మీద మంచం వేసుకుని బతికారు. పెళ్లినాటి పెట్టె, అందులోని ఫొటోలు నానిపోయాయని కృపమ్మగారు ఏడుస్తుంటే, ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి మోకాలి లోతు నీళ్లలో నిలబడి కట్టాడు.

"మిగతావన్నీ తీసేసినా ఫర్వాలేదండీ. ఆ ఒక్కటీ తెర మీద పడితే చాలండీ" అని చేతులు జోడించాడు.

మంత్రిగారు వెంటనే తొమ్మిదిమందితో హాస్య పరిశీలన కమిటీ వేశారు. కమిటీ మూడు నెలలు అహోరాత్రులు శ్రమించింది. కొల్లేరు జోకు మొదటి రోజే పోయింది. డాక్టర్ల జోకు డాక్టర్లు బాధపడతారని, అల్లుళ్ల జోకు కమిటీ చైర్మన్‌గారు స్వయంగా అల్లుడని తీసేశారు. చివరికి దోమ జోకు ఒక్కటే మిగిలింది. దోమలున్నాయని ఒప్పుకున్నట్టవుతుందని మున్సిపాలిటీ నుంచి వచ్చిన సభ్యుడు అభ్యంతరం చెప్పి అదీ తీయించాడు.

"మరి జనానికి నవ్వు ఎక్కడ రావాలండీ?" అని అడిగారు కృపమ్మగారు.

"బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌లో వస్తుందమ్మా" అన్నాడు విశ్వతేజ.

దేశంలోనే జోకులు లేని తొలి హాస్యచిత్రం మన జిల్లాలో తయారవుతోందని నేను మొదటి పేజీలో రాశాను.

జోకులు పోయినచోట ఖాళీ ఏర్పడింది. ఖాళీని చూసి ఊరుకునే నాయకుడు కాదు మన మంత్రిగారు. ఏసోబులోని కళను గుర్తించిన ప్రజానాయకుడిగా మూడు నిమిషాల అతిథి పాత్రకి ఒప్పుకున్నారు. షూటింగు ముగిసేసరికి ఆ మూడు నిమిషాలు గంటా పది నిమిషాలయ్యాయి. ఏసోబు పాత్ర వేసిన కుర్ర హీరోకి మాటలు లేవు. మౌనంలోనే నటనకి స్కోపు ఉంటుందని విశ్వతేజ అతనికి నచ్చజెప్పాడు.

"నలభై ఏళ్లు మాట్లాడి బతికానండీ" అన్నాడు ఏసోబుగారు నాతో మెల్లగా. "నా సినిమాలో నేను మూగవాణ్ణండీ."

ఇది రాయకూడదనిపించి రాయలేదు.

మొన్న శుక్రవారం ఏలూరులో ఉదయం ఆటకి సినిమా విడుదలైంది. లంకల నుంచి జనాన్ని వ్యానుల్లో తెచ్చారు. మంత్రిగారు బాల్కనీలో కూర్చున్నారు, పక్కన ఏసోబు దంపతులు. గంటన్నర పాటు హాల్లో ఎవరూ నవ్వలేదు. కృపమ్మగారు కునుకు తీశారు.

క్లైమాక్సు వచ్చింది. ఆ మ్యూజిక్‌కి కృపమ్మగారికి మెలకువ వచ్చింది. తెర మీద మంత్రిగారు కొల్లేటిలో పడవ మీద నిలబడి కన్నీళ్లతో అన్నారు: "కొల్లేరు నా కన్నతల్లి! ఆ తల్లి గుండెల మీద నేను గానీ, నా వాళ్లు గానీ గుప్పెడు మట్టి పోసి ఉంటే, ఈ పడవ ఇక్కడే మునిగిపోవాలి!"

ఆయన భుజం వెనక, దూరంగా, ఒక పొక్లెయిన్ గట్టు మీద మట్టి పోస్తోంది. ఆ షాటులో మంత్రిగారి ముఖం బాగా వచ్చిందని ఎవరూ తీసెయ్యలేదు.

ముందు కృపమ్మగారు నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ, భర్త భుజం పట్టుకుని ఊగిపోతూ నవ్వారు. తర్వాత నేల టిక్కెట్లు, తర్వాత బాల్కనీ. ఈలలు, వన్స్‌మోర్లు. పోలీసులు కూడా టోపీలు అడ్డం పెట్టుకున్నారు. మంత్రిగారు లేచి నిలబడి అందరికీ చేతులూపారు.

బయట ఆయన ఏసోబుగారి భుజం మీద చెయ్యేశారు.

"ఎలా చేశానయ్యా?"

"నలభై ఏళ్లు నిలబడ్డానండీ. ఇంత నవ్వు నాకు ఒక్కనాడూ రాలేదండీ" అన్నాడు ఏసోబుగారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

"జనం ఆనందం పట్టలేకపోయారు" అన్నారు మంత్రిగారు. "ఎన్నికల ప్రచారంలో ప్రతి సభలోనూ ఇదే డైలాగు చెప్తాను."

"తప్పకుండా చెప్పండి. ఒక్కటే మనవండీ." ఏసోబుగారు గొంతు తగ్గించి, విద్య తెలిసినవాడు శిష్యుడికి చెప్పినంత శ్రద్ధగా చెప్పాడు. "చెప్పేటప్పుడు మొహం ఇంత సీరియస్‌గానే ఉంచండి. వాళ్లు ఎంత నవ్వినా మీరు మాత్రం నవ్వకండి."

మంత్రిగారు ఆ సలహాను డైరీలో రాసుకున్నారు. ప్రచారం సోమవారం చింతలపూడి నుంచి మొదలవుతుంది.